గోడకీ చీరకీ సీసాకీ ఒకే పసుపు కుదరదండీ

మీ ప్రశ్న నిన్న రాత్రి పడుకునే ముందు చూశా, "మూడింటికీ ఒకే గోల్డెన్ ఎల్లో" అన్న ముక్క చదివాక ఇంక నిద్ర పట్టలేదు. ఇప్పుడే వచ్చినవాళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో: నిజాంపేట్‌లో 1,250 చదరపు అడుగుల కొత్త ఫ్లాట్, హాల్‌కి పడమర వైపు బాల్కనీ, ఈవిడకి బంగారు పసుపంటే ప్రాణం, హాల్ నాలుగు గోడలకీ అదే కొట్టించి, గృహప్రవేశానికి అదే రంగు పట్టుచీర కట్టుకుని, ఇంట్లో చేసి అమ్ముతున్న ఆవకాయ, కందిపొడి సీసాల మీద లేబుల్ కూడా అదే షేడ్‌లో వేయిద్దామని ప్లాన్. వాళ్ళమ్మగారేమో "ఇల్లనుకున్నావా ఫంక్షన్ హాలనుకున్నావా" అంటున్నారంట. ఎవరి మాట వినాలి అని అడుగుతున్నారు.

సగం మీది, సగం అమ్మగారిది. నేను చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో 6 ఏళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని శుభలేఖలూ లేబుళ్ళూ కొట్టా, తర్వాత 17 ఏళ్ళుగా ఇంటీరియర్స్ చేస్తున్నా, మా అమ్మ ఇంట్లోనే చీరలు తెప్పించి అమ్మేది కాబట్టి ఆ మూటల మధ్యే పెరిగా. అంటే మీరడిగిన మూడింట్లోనూ చేతులు కాల్చుకున్న మనిషినే. ముందే చెప్పేస్తున్నా, రంగు మంచిదే, దాంతో ఏ గొడవా లేదు, కానీ ఒకే షేడ్ నంబర్ తీసుకెళ్ళి సిమెంట్ గోడ మీదా పట్టు మీదా ఆర్ట్ పేపర్ మీదా పెడితే మీకు మూడు వేరే వేరే రంగులొస్తాయి, మూడూ ఒకేలా ఉన్నాయి అనిపించాలంటే మూడు చోట్లా వేరే షేడ్ ఎంచుకోవాలి. మిగతా రంగులతో ఇంత తంటా ఉండదు, నీలం ఎక్కడ పెట్టినా కొంచెం అటూ ఇటూగా నీలంలాగే ఉంటది, ఈ పసుపు మాత్రం వెలుతురు ఎటు లాగితే అటు పోతది.

అసలు మీరు ఏ పసుపు గురించి అడుగుతున్నారో కూడా తేలాలి. మీరు పెట్టిన మూడు ఫోటోలూ మూడు రంగులండీ. మొదటిది తంగేడు పువ్వు, బతుకమ్మలో పేర్చేది, మన రాష్ట్ర పుష్పం, అది ఎండలో మెరిసే తేట పసుపు. రెండోది బాగా పండిన బంగినపల్లి తొక్క. మూడోది పచ్చి పసుపుకొమ్ము విరిస్తే లోపల కనిపించే రంగు, దాన్ని పసుపు అనుకుంటాం గానీ కాగితం మీద పెట్టి చూస్తే దాదాపు నారింజే. ఇవి కాక షాపుల్లో మస్టర్డ్ అని చూపించేది ఆవపిండి రంగు, అందులో కాస్త మట్టి కలిసినట్టు ఉంటది. తేడా పట్టుకోవడం తేలిక, ఒక పక్క నిమ్మకాయ ఇంకో పక్క ముద్దబంతి పువ్వు పెట్టి మధ్యలో మీ షేడ్ కార్డు పెట్టండి, అది ఏ వైపు చుట్టమో కంటికే తెలుస్తది. బంతి వైపు ఉంటే అందులో ఎరుపు పాలు ఉన్నట్టు, అదే మీకు కావాల్సిన వెచ్చటి పసుపు. నిమ్మకాయ వైపు పోతే ఆకుపచ్చ పాలు, దాన్ని హాల్లో పెట్టారంటే వచ్చినవాళ్ళు "ఏంటండీ పార్టీ ఆఫీసు తెరిచారా" అంటారు, నా క్లయింట్లలో సగం మందికి ఉండే మొదటి భయం ఇదే. ఎనామిల్ డబ్బాల మీద "గోల్డెన్ ఎల్లో" అని ఉంటది చూడండి, దానికి ఇండియన్ స్టాండర్డ్‌లో నంబర్ కూడా ఉంది, 356, దాని ముందు నంబరే 355, లెమన్ ఎల్లో. ఒక్క అంకె తేడాలో గడప రంగుకి బదులు నిమ్మకాయ రంగు ఇంటికొచ్చిన కేసులు నేను చూశా, కాబట్టి హార్డ్‌వేర్ షాపులో ఉత్త "పసుపు ఇవ్వండి" అనకండి.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్తా. 2012లో కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్, అచ్చం మీలాగే ఆవిడకి మామిడిపండు రంగంటే ఇష్టం. నేనూ కొత్త ఉత్సాహంలో ఉన్నా, షేడ్ కార్డులో వేలెడంత ముక్క చూసి హాల్ నాలుగు గోడలకీ అదే కొట్టించేశా. పగలు పెయింటర్లు ఉన్నప్పుడు చూస్తే అద్భుతం. సామాన్లు సర్దుకుని రాత్రి 8 గంటలకి లైట్లేసి భోజనాలకి కూర్చున్నారు, నన్నూ పిలిచారు. ట్యూబ్‌లైట్లు వెలిగాయి. అన్నం పసుపు, పెరుగు పసుపు, పిల్లాడి తెల్ల స్కూల్ చొక్కా పసుపు. వాళ్ళత్తగారు కంచంలోంచి తలెత్తి అందరి మొహాలూ ఒకసారి చూసి, "ఏమ్మా, ఇంటిల్లిపాదికీ ఒకేసారి కామెర్లొచ్చాయా" అన్నారు. నాకు ముద్ద గొంతు దిగలేదు. వారం తర్వాత మూడు గోడలు నా ఖర్చుతో మళ్ళీ రంగు మార్పించా, ఒక్క గోడ ఉంచారు, ఆ గోడ ఇప్పటికీ ఉంది, ఆ ఇంటికి అందం అదే.

ఆ రోజు జరిగిందేంటో తర్వాత నిదానంగా అర్థమైంది. ఒకటి, నాలుగు గోడలూ ఒకే పసుపైతే ఒక గోడ మీద పడ్డ వెలుతురు పసుపై ఎదురు గోడ మీద పడతది, అది ఇంకా పసుపై తిరిగొస్తది, అలా అద్దాల మధ్య నిలబడ్డట్టు రంగు చిక్కబడిపోతది. అందుకే కార్డులో నచ్చిన దానికంటే ఒకటి రెండు మెట్లు లేతది తీసుకోవాలి, లేదా ఒక్క గోడకే వేయాలి. రెండు, మన ఇళ్ళల్లో బల్బులు. బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ అని రాసి ఉంటది, కూల్ డేలైట్ అంటారు, హైదరాబాద్‌లో ఏ ఫ్లాట్‌కి వెళ్ళినా నూటికి తొంభై చోట్ల అవే కనిపిస్తాయి నాకు. ఆ వెలుతురులో నీలం ఎక్కువ, చవకరకం ఎల్‌ఈడీలైతే ఎరుపు మరీ తక్కువ, దాంతో మీ బంగారు పసుపులో బంగారమంతా అంటే ఆ ఎరుపు పాలంతా ఎగిరిపోయి అడుగున ఉన్న పాలిపోయిన ఆకుపచ్చ బయటికొస్తది. కామెర్ల రంగు అదే. అదే గోడ మీద 3000 కెల్విన్ వార్మ్ వైట్ వేస్తే దీపం వెలుతురులో లాగా వెచ్చగా కనిపిస్తది, 2700కి దిగితే ఇంకా నారింజకి పోతది. పసుపు గోడ ఉన్న గదికి నేను 3000 పెట్టిస్తా, డబ్బా మీద సీఆర్ఐ, అంటే ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 పైన ఉన్నవి చూసి కొనమంటా, కొంచెం ఖరీదే గానీ అక్కడ మాత్రం పీనాసితనం వద్దు. చదువుకునే టేబుల్ దగ్గర పిల్లలకి తెల్లగా కావాలంటే అక్కడ 4000ది విడిగా ఒక లైట్ పెట్టుకోండి.

మీకు పడమర బాల్కనీ ఉంది కదా, అది ఇంకో కథ. సాయంత్రం 5 దాటాక వచ్చే ఎండే బంగారు రంగు, అది పసుపు గోడ మీద పడితే గది మొత్తం నిప్పుల కుంపటిలా కనిపిస్తది, ఏప్రిల్ మే నెలల్లో ఆ గదిలో కూర్చుంటే ఉన్న వేడికి తోడు కంటికి ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ అనిపిస్తది. కాబట్టి పసుపు వేసే గోడ బాల్కనీకి ఎదురుగా ఉన్నది కాకుండా పక్కది, అంటే ఎండ సూటిగా పడనిది ఎంచుకోండి. మీ ప్లాన్ ఫోటో చూస్తే నాకు టీవీ గోడ కంటే దేవుడి గది తలుపు పక్కనున్న గోడ సరిపోతది అనిపిస్తోంది. టీవీ గోడ వద్దని ఎందుకంటున్నానంటే సినిమా చూసేటప్పుడు స్క్రీన్ చుట్టూ అంత గట్టి రంగు ఉంటే స్క్రీన్‌లో రంగులు దెబ్బతిన్నట్టు కనిపిస్తాయి. ఆ బాల్కనీకి పసుపు కర్టెన్లు కూడా వద్దు, ఎండ కర్టెన్‌లోంచి వడగట్టుకుని వస్తే మళ్ళీ కూకట్‌పల్లి కథే. అంతగా కావాలంటే వెనక తెల్ల లైనింగ్ వేయించండి, అప్పుడు రంగు గుడ్డలోనే ఉంటది, గదిలోకి రాదు.

షేడ్ కార్డు చూసి మాత్రం డిసైడ్ అవ్వకండి. చిన్న డబ్బా కొని, 2 అడుగులకి 2 అడుగుల అట్ట గానీ ప్లైవుడ్ ముక్క గానీ తీసుకుని తెల్ల ప్రైమర్ మీద మూడు కోట్లు వేసి, దాన్ని ఆ గోడకి ఆనించి పొద్దున 8కి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఎండ వాలేటప్పుడు, రాత్రి లైట్లేశాక చూడండి. రాత్రి చూసిందే ఫైనల్ అనుకోండి, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఇంట్లో గోడ చూసేది రాత్రే కదా. పెయింటర్‌కి కూడా ఒక మాట చెప్పండి, ఈ పసుపు రంగులకి కింద ఉన్నదాన్ని కప్పే శక్తి తక్కువ, తెల్ల పుట్టీ మీద రెండు కోట్లు కొడితే రోలర్ చారలు చారలుగా కనిపిస్తది, మూడు కోట్లు తప్పదు, కొన్నిసార్లు నాలుగు. ప్రైమర్‌లోనే కొంచెం పసుపు టింట్ కలిపించుకుంటే ఒక కోటు మిగులుతది. "రెండు కోట్లతో అయిపోద్ది మేడమ్" అంటే నమ్మకండి, తర్వాత ప్యాచ్ వర్క్ చేస్తే ఆ ప్యాచ్ జన్మలో కలవదు. ఫినిష్ మ్యాట్ తీసుకోండి, షైనింగ్ ఉంటే ట్యూబ్‌లైట్ గీత గోడ మీద పొడుగ్గా మెరుస్తది, పసుపు మీద అది ఇంకా చీప్‌గా కనిపిస్తది. అన్నట్టు, పాతకాలం పసుపు ఎనామిల్స్‌లో సీసం ఉండేది, లెడ్ క్రోమేట్ అనే పిగ్మెంట్, ఆ మెరుపు దానిదే. మన దగ్గర ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, దాటకూడదని రూల్ 2017 నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. మీది కొత్త ఫ్లాట్ కాబట్టి డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూస్కుంటే చాలు, పాత ఇళ్ళవాళ్ళు ఎవరైనా చదువుతుంటే పాత గడపల మీద, కిటికీ ఊచల మీద ఉన్న పసుపు పెయింట్‌ని పొడిగా గీకి దుమ్ము లేపకండి, పిల్లలున్న ఇంట్లో అస్సలు వద్దు.

గోడ సరే, పక్కన ఏముంటదో కూడా చూడాలి. టేకు రంగు పాలిష్ కొట్టిన తలుపులు, బ్రౌన్ సోఫా, పసుపు గోడ, ఇవన్నీ ఒకే కుటుంబం, అన్నీ కలిసి ముద్దపప్పులా అయిపోతాయి, ఏదీ విడిగా కనపడదు. పసుపుకి పక్కన చల్లటిది ఒకటి కావాలి. మన చేతికి అందేది తాండూరు బండ, ఆ బూడిద నీలం రంగు మీద బంగారు పసుపు ఎంత బాగుంటదో పాత ఇళ్ళ వరండాల్లో చూసే ఉంటారు. తాండూరులోనే పసుపు బండ కూడా దొరుకుతది, అది మాత్రం ఈ గోడ కింద వద్దు. వంటింట్లో నల్ల కడప బండ ఉంటే దాని పైన పసుపు టైల్స్ ఒక వరస పెట్టినా చాలు. ఇత్తడి దీపపు కుందులు, ఉరుళి పెట్టుకుంటారు కదా, అవి పసుపు గోడ ముందు మాయమైపోతాయి, వాటిని తెల్ల గోడ దగ్గరో ముదురు ఆకుపచ్చ దగ్గరో పెట్టండి. పసుపు గోడ ముందు పెట్టాల్సింది బిద్రీ, ఆ నల్లటి లోహం మీద వెండి గీతలు ఆ గోడ ముందు పెట్టగానే లేచి నిలబడతాయి. నిజాంల జెండా కూడా పసుపే తెలుసా, మధ్యలో గుండ్రంగా కుల్చా రొట్టె గుర్తుతో ఉండేది, కాబట్టి ఈ ఊరికి ఈ రంగు కొత్తేం కాదు, అమ్మగారికి ఆ పాయింట్ చెప్పి చూడండి, పనిచెయ్యకపోవచ్చు.

ఇక చీర. మీరు గమనించారో లేదో, గృహప్రవేశం రోజు పసుపు గోడ ముందు పసుపు చీర కట్టుకుని, గుమ్మానికి బంతిపూల తోరణాలు కట్టి ఫోటో దిగితే ఫోటోలో మీ మొహం, జుట్టు, చేతులు తప్ప ఏం కనపడవు. ఈమధ్య హల్దీ ఫంక్షన్లలో ఇదే జరుగుతోంది, డెకరేషన్ బంతిపూలు, అందరి బట్టలూ పసుపు, పెళ్ళికూతురు ఎక్కడుందో వెతుక్కోవాలి. దాని మీద ఫోన్ కెమెరా ఇంకో పని చేస్తది, ఫ్రేమ్ నిండా పసుపుంటే ఇదేదో లైటు తేడా అనుకుని ఫోటోకి నీలం కలిపేస్తది, మనిషి మొహం బూడిద పూసినట్టు వస్తది. కాబట్టి గోడో చీరో ఒకటి తేల్చుకోండి. నా ఓటు చీరకి, గోడ మీ వెనక ఎప్పుడూ ఉండేదే, చీరతో మాత్రం ఆ రోజు బాల్కనీ వైపు తెల్ల గోడ ముందు నిలబడి ఫోటో దిగండి.

చీర కొనేటప్పుడు షాపులో లైట్ల కింద నమ్మకండి. పట్టుచీరల షాపుల్లో పైన వరసగా పసుపు స్పాట్ లైట్లుంటాయి, వాటి కింద ఏ పసుపైనా బంగారమే. మా అమ్మ ఏం చేసేదంటే, చీర మడత ఒకటి విప్పి చేతి మీద వేసుకుని నడుచుకుంటూ షాపు బయటి మెట్ల దాకా వచ్చేది, సేల్స్‌మన్ వెనకే పరిగెత్తేవాడు, జనరల్ బజార్‌లో ఆమెని చూస్తే నవ్వుకునేవాళ్ళు. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసి, గడ్డం కింద పెట్టుకుని నన్ను అడిగేది, "మొహం ఎట్లుంది" అని. చీర ఎట్లుంది అని కాదు. అదే అసలు టెస్టు, పసుపు గడ్డం కింద నుంచి మొహం మీదికి రంగు విసురుతది, అది ఎరుపు పాలున్న పసుపైతే చామనఛాయ మొహం వెలిగిపోతది, నిమ్మ వైపుదైతే అదే మొహం రెండ్రోజులు జ్వరం పడి లేచినట్టుంటది. బాగా తెల్లగా ఉన్నవాళ్ళకి మరీ లేత పసుపు కలిసిపోతది, వాళ్ళకి పసుపుకొమ్ము రంగు దాకా వెళ్ళినా పర్లేదు. బొత్తిగా సూట్ కాదనుకుంటే పసుపుని మొహానికి దూరంగా పెట్టుకోవచ్చు, కింద అంచులోనో కుచ్చిళ్ళలోనో, జాకెట్టు మాత్రం వేరేది.

బంగారు పసుపు మీద బంగారు జరీ కొనకండి, డబ్బు పెట్టిన జరీ అంతా రంగులో మునిగిపోతది. అంచు వేరే రంగులో ఉండి, ఆ అంచులో జరీ ఉంటే అప్పుడు కనపడతది. మన పాతవాళ్ళ లెక్క పసుపు చీరకి ఎర్రంచు, పసుపు కుంకుమల లెక్క, దానికి వంక పెట్టేదేం లేదు, కానీ గృహప్రవేశానికి వచ్చే పదిమందిలో ముగ్గురు అదే కట్టుకొస్తారు. నన్ను అడిగితే బచ్చలిపండు రంగు అంచు చూడండి, రంగుల చక్రంలో పసుపుకి సరిగ్గా ఎదురుగా ఉండేది ఊదానే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి లేపుకుంటాయి, గద్వాల్‌లో కుట్టు అంచు చీరలు ఇలాంటి కాంబినేషన్లలో దొరుకుతాయి. రామా గ్రీన్ కూడా బాగుంటది. పోచంపల్లి తీసుకుంటే మాత్రం ఒక సంగతి, ఇక్కత్‌లో నూలునే కట్టి అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు పొగలాగా చెదిరి ఉంటాయి, పసుపు పక్కన మెరూన్ ఉంటే ఆ చెదిరిన చోట నారింజ మెరుపు వస్తది, పసుపు పక్కన నీలం ఉంటే అక్కడ ఆకుపచ్చ మసకలా అనిపిస్తది, నాకు అది నచ్చదు, నచ్చేవాళ్ళూ ఉన్నారు.

సహజ రంగుల చీర చూస్తున్నా అన్నారు, అక్కడ కాస్త జాగ్రత్త. కలంకారీలో పసుపుకి కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క లాంటివి పటికతో కలిపి వాడతారు, అవి కొంచెం మెత్తటి పసుపు ఇస్తాయి, మీకు కావాల్సిన గట్టి బంగారం రాదు. ఉత్త పసుపుతో అద్దిందైతే అసలు వద్దు, ఎండ తగిలితే వెలిసిపోతది, సబ్బు తగిలితే ఎర్రబడతది. సున్నం కలిపితే పసుపు ఎర్రగా మారి పారాణి అవుతది కదా, అదే లెక్క, సబ్బులో ఉన్న క్షారం దానితో అదే పని చేస్తది. మా పిన్ని కూతురు పెళ్ళిలో పసుపు పూసిన బట్టల్ని ఎవరో పుణ్యాత్ములు డిటర్జెంట్‌లో నానబెట్టారు, బకెట్ తీసి చూస్తే ఎర్రెర్రటి మచ్చలు, ముసలమ్మలు కొందరు అపశకునం అని మొదలెట్టారు. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపైంది, శకునం కూడా మారింది.

లేబుల్ విషయానికొస్తే ప్రెస్ మనిషిగా నాకు ఇక్కడే ఎక్కువ కంగారుగా ఉంది. మీరు పంపిన డిజైన్‌లో పసుపు మీద తెల్ల అక్షరాలున్నాయి. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే బానే ఉంటది, సీసా మీద చదవలేరు. దీనికి లెక్క ఉంది, స్క్రీన్ మీద మామూలు సైజు అక్షరాలు చదవడానికి వెనక రంగుకీ అక్షరానికీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5 రెట్లు ఉండాలంటారు, పెద్ద అక్షరాలకి 3. మీ బంతిపువ్వు పసుపు, అంటే స్క్రీన్ లెక్కలో 255కి ఎరుపు 234, ఆకుపచ్చ 162, నీలం 33 ఉన్న రంగు మీద తెలుపు పెడితే వచ్చేది 2.2 దగ్గర. అదే నలుపు పెడితే 9.7. అమెరికాలో స్కూల్ బస్సులు పసుపూ నలుపూ ఎందుకయ్యాయో తెలుసా, 1939లో కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసర్ పెట్టిన మీటింగ్‌లో తేల్చారు, తెల్లవారుజాము మసకలో ఆ రంగు మీద నల్ల అక్షరాలు తేలిగ్గా కనిపిస్తాయని. కిరాణా షాపు పై అరలో కూడా అదే మసక. ఉత్త నలుపు ఆవకాయ సీసా మీద కటువుగా ఉంటది అనుకుంటే చింతపండు రంగు, ముదురు బ్రౌన్, వాడండి, కాంట్రాస్ట్ పెద్దగా పోదు, తిండి వస్తువులా కూడా ఉంటది.

రంగు విషయంలో, స్క్రీన్ మీద చూసి ఓకే చెప్పకండి. స్క్రీన్ లోపల్నించి వెలుగుతది, కాగితం వెలగదు. ప్రింట్‌లో ఈ రంగు వచ్చేది పసుపు ఇంకు 100 శాతం, మెజెంటా అంటే ముదురు గులాబీ ఇంకు 25 నుంచి 35 మధ్య, నలుపు సున్నా, సయాన్ అంటే ఆకాశనీలం ఇంకు సున్నా. ఆ సయాన్ సున్నా అనేది పెన్నుతో రౌండ్ చుట్టి ఇవ్వండి. ఫోన్లో ఫోటోలోంచి రంగు తీసుకుంటే ఎక్కడో 5 శాతం సయాన్ దూరి ఉంటది, దానికే పసుపు మురికి పట్టి ముక్కిపోయిన నూనె రంగులోకి తిరుగుతది, తినే వస్తువు మీద ఆ రంగు పెడితే ఎవరు కొంటారు. ఆర్ట్ పేపర్ మీద ఒకలా, క్రాఫ్ట్ పేపర్ మీద ఇంకోలా పడతది, క్రాఫ్ట్ మీద కింద బ్రౌన్ కలిసి మస్టర్డ్ అయిపోతది, అది తెలిసి చేస్తే బాగుంటది. ఇంకోటి, ఒకసారి షాపులో పచ్చళ్ళ అర ముందు నిలబడి చూడండి, పసుపూ ఎరుపూ తప్ప ఇంకేముంది అక్కడ? ఆ గుంపులో మీ పసుపు లేబుల్ కలిసిపోతది. లేబుల్ తెల్లగానో చింతపండు రంగులోనో పెట్టి, మూత మీద కట్టే గుడ్డ ముక్క ఒక్కటి బంగారు పసుపు పెట్టండి, లేదా శుభలేఖకి నాలుగు మూలలా పసుపు పూస్తాం చూడండి, లేబుల్ మూలలకి అంత మాత్రం పెట్టండి. చూసినవాళ్ళకి ఏం గుర్తొస్తదో మీరు చెప్పక్కర్లేదు. ట్రెండ్ సంగతి అడిగారు, రంగులకి నంబర్లిచ్చే పాంటోన్ కంపెనీ వాళ్ళు 2009లో మిమోసా అని వెచ్చటి పసుపునీ, 2021లో బూడిద రంగుతో జతగా ఇంకో పసుపునీ ఆ ఏటి రంగులుగా ప్రకటించారు, రెండూ వచ్చాయి వెళ్ళాయి, ఆవకాయకి ట్రెండ్‌తో పనేంటండీ.

ఖర్చు సంగతి కూడా అడిగారు కాబట్టి, ఒక్క గోడ, ఒక గుడ్డ ముక్క, ఒక చీర, మూడింట్లో ఖరీదైంది చీరే. గోడ రంగు నచ్చకపోతే ఒక ఆదివారం పని, లేబుల్ నచ్చకపోతే మళ్ళీ కొట్టించుకోవచ్చు, అందుకే ముందు చీర కొనండి, ఆ చీర కొంగు పట్టుకుని పెయింట్ షాపుకెళ్ళండి, దాని పక్కన ఒకటి రెండు మెట్లు లేతగా ఉన్నది గోడకి తీసుకోండి. నంబర్లు కలపకండి, కంటికి చుట్టాల్లా ఉన్నాయా లేదా చూడండి. అమ్మగారు గడపకి పెయింట్ వద్దు రోజూ పసుపే రాస్తానంటే ఆ డిపార్ట్‌మెంట్ ఆవిడకే వదిలేయండి, నాలుగంగుళాల గడప మీద ఆవిడ పెట్టే ఆ రంగు ముందు నా 17 ఏళ్ళ అనుభవం దిగదుడుపే, నిజంగా చెప్తున్నా.

లేబుల్ ఫైనల్ చేసేముందు ఒక్క పని చేయండి, ప్రూఫ్ కాగితం కత్తిరించి నిండు సీసాకి అంటించి, దాని మీద ఆవకాయ నూనె రెండు చుక్కలు వేసి రాత్రంతా ఉంచండి. లామినేషన్ లేని పసుపు కాగితం మీద నూనె పడితే పొద్దున్నకి అక్కడ ముదురు మచ్చ తేలతది, ఎంత జాగ్రత్తగా నింపినా ఆవకాయ సీసా నూనె కారక మానదు. మచ్చ వస్తే మ్యాట్ లామినేషన్ అడగండి, రాకపోతే ఫోటో పెట్టండి, ఏ పేపరో నాకూ చెప్పండి.